సీతాకోకచిలుక ఫోటో వేసేముందు రంగొక్కటే కాదు, చుక్కలు, కాళ్ళు, మీసాలు కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో పెద్ద సైజులో ఒక సీతాకోకచిలుక ఫోటో వేశారు. నారింజ రంగు రెక్కలు, ముందు రెక్కల కొసన నలుపు, ఆ నలుపులో ఏటవాలుగా తెల్ల పట్టీ, కింద "మన జిల్లేడు చెట్ల మీద పెరిగే ప్లెయిన్ టైగర్" అని రాశారు. ఫోటో చాలా బాగుంది, తీసినవాళ్ళకి నా అభినందనలు చెప్పండి. కానీ అది ప్లెయిన్ టైగర్ కాదండీ. అది డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే వేరే సీతాకోకచిలుక, అందులోనూ ఆడది. వెనక రెక్క చూడండి, ప్లెయిన్ టైగర్‌కి వెనక రెక్క మధ్యలో మూడు నల్ల చుక్కలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మగదానికైతే ఇంకో చుక్క ఎక్కువ, మొత్తం నాలుగు. మీరు వేసిన ఫోటోలో వెనక రెక్క పై అంచు దగ్గర ఒక్కటంటే ఒక్క నల్ల మచ్చ ఉంది. ఆ ఒక్క మచ్చే చెప్పేస్తోంది.

చిన్న విషయానికి ఇంత ఉత్తరం ఎందుకు అనుకోకండి. నేను నర్సీపట్నం దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను, మా పిల్లలు మీ పేజీ కత్తిరించి రికార్డులో అంటించుకుంటారు, కింద మీరు రాసిందే చూసి రాసుకుంటారు, పేపర్లో వచ్చింది అంటే వాళ్ళకి అదే ప్రమాణం. అందుకే ఈ గుంపు సీతాకోకచిలుకల్ని అసలు ఏం చూసి వర్గీకరిస్తారో కాస్త వివరంగా రాస్తున్నాను, వీలైతే పిల్లల పేజీలోనే వేయండి, ఉత్తరాల పేజీలో చోటు సరిపోదని నాకూ తెలుసు.

ఈ గుంపుని మిల్క్‌వీడ్ సీతాకోకచిలుకలు అంటారు, శాస్త్రంలో డానైనే అనే ఉపకుటుంబం. పాత పుస్తకాల్లో వీటిని విడిగా డానైడే అని ఒక పూర్తి కుటుంబంగా పెట్టేవారు, ఇప్పుడు నింఫాలిడే అనే పెద్ద కుటుంబంలో ఒక భాగంగా చూస్తున్నారు. అమెరికా ఉష్ణమండలపు అడవుల్లో ఉండే గాజు రెక్కల ఇథోమియినీలు కూడా ఇప్పుడు ఇందులోకే వచ్చాయి. ఆసియా, ఆఫ్రికా ఉష్ణ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే అసలు డానైనీ తెగలో 160 జాతుల దాకా ఉన్నాయి. మన దగ్గర రోజూ కనిపించేవి ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్, బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, గ్లాసీ టైగర్, కామన్ క్రో. వీటిలో చాలావాటి పురుగులు పాలుగారే మొక్కల ఆకులు తింటాయి, ప్లెయిన్ టైగర్ జిల్లేడు తింటుంది, కామన్ క్రో గన్నేరు, మర్రి లాంటివి తింటుంది. జిల్లేడు పాలలో గుండె మీద పనిచేసే విషాలున్నాయి, అలాంటి మొక్కల విషం ఒంట్లో దాచుకోవడం వల్లే ఈ గుంపు పక్షులకి చేదు. ఒకసారి నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన పక్షి మళ్ళీ ఆ రంగు జోలికి పోదు. అందుకే ఇవి భయం లేకుండా నెమ్మదిగా, తేలుతున్నట్టు ఎగురుతాయి.

అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. చేదుగా లేని వేరే సీతాకోకచిలుకలు కూడా అదే రంగు వేసుకుని తిరిగితే పక్షి వాటినీ వదిలేస్తుంది కదా. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది చేస్తున్నది అదే. దాని మగది అస్సలు ఇలా ఉండదు, నల్లటి రెక్కలు, వాటి మీద పెద్ద తెల్ల మచ్చలు, ఆ మచ్చల చుట్టూ వెలుతురు పడితే మెరిసే నీలం. మొగుడూ పెళ్ళాం అంటే నమ్మలేం. దీని పురుగు జిల్లేడు ముట్టదు, మన పొలాల్లో పెరిగే గంగపాయల కూర లాంటివి తింటుంది. అంటే మీరు రాసిన "జిల్లేడు చెట్ల మీద పెరిగే" అన్న ముక్క కూడా ఈ ఫోటోకి సరిపోదు.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం, క్లాసులో చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. కామన్ మైమ్ అని ఒకటుంది, అది మన కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుకల బంధువు, పాపిలియోనిడే కుటుంబం. ఇది రెండు రూపాల్లో పుడుతుంది, ఒక రూపం అచ్చం కామన్ క్రోలా ముదురు గోధుమ రంగు, ఇంకో రూపం అచ్చం బ్లూ టైగర్‌లా నలుపు మీద లేత గీతలు. ఒకే జాతి! రంగు చూసి వర్గీకరిస్తే ఒకే జాతిని రెండు ముక్కలు చేసి ఒకటి కాకుల దగ్గర, ఒకటి పులుల దగ్గర పెట్టేస్తాం, రెండూ తప్పే. మరి ఎలా పట్టుకోవాలి అంటే కాళ్ళు లెక్కపెట్టాలి. మైమ్ ఆరు కాళ్ళ మీద నిలబడుతుంది. బ్లూ టైగర్, క్రో నాలుగు కాళ్ళ మీదే నిలబడతాయి, ముందు రెండు కాళ్ళు బాగా పొట్టివైపోయి గుండె దగ్గర ముడుచుకుని ఉంటాయి, నడకకి పనికిరావు. పువ్వు మీద వాలినప్పుడు పక్కనుంచి ఒక్క మంచి ఫోటో తీస్తే చాలు, తెలిసిపోతుంది. పురుగు దశలో ఇంకా తేలిక, కరివేపాకు మీది పురుగుని పుల్లతో తాకితే తల వెనకనుంచి రెండు కొమ్ముల్లా ఒకటి బయటికొచ్చి ఘాటు వాసన కొడుతుంది చూశారా, మైమ్ పురుగుకీ ఆ ఏర్పాటు ఉంటుంది, డానైనే పురుగులకి అది ఉండదు.

అయితే నాలుగు కాళ్ళు చూసి వెంటనే డానైనే అనేయకూడదు, ఎందుకంటే నింఫాలిడేలో దాదాపు అన్నిటికీ ముందు కాళ్ళు పొట్టివే, మీ ఎగ్‌ఫ్లైకి కూడా. అందుకని ఇంకాస్త దగ్గరికి వెళ్ళాలి. రోడ్డు పక్కన బళ్ళు తగిలి పడిపోయిన ప్లెయిన్ టైగర్లు మా వైపు చాలా దొరుకుతాయి, వాటిని తెచ్చి పిల్లలకి భూతద్దం ఇచ్చి చూపిస్తుంటాను (బతికున్నవాటిని పట్టనివ్వను). తల, ఛాతీ నల్లగా ఉండి వాటి మీద తెల్ల చుక్కలు చల్లినట్టు ఉంటాయి, ఇది ఈ గుంపులో చాలావాటికి ఉంది. తర్వాత మీసాలు చూడమంటాను. ఎగ్‌ఫ్లై లాంటి మిగతా నింఫాలిడ్ల మీసాల మీద సన్నని పొలుసులు అంటుకుని ఉంటాయి, డానైనేలకి మీసాలు నున్నగా ఉంటాయి, పొలుసు ఉండదు. ఇది చాలా గట్టి లక్షణం. ఆడదైతే ఆ ముడుచుకున్న ముందు కాలి కొస చూడాలి, చివరి కణుపులు దగ్గరకి కూడుకుపోయి గద ఆకారంలో ఉబ్బి ఉంటాయి. నడకకి పనికిరాని కాలే, కానీ ఆడది గుడ్డు పెట్టేముందు దాంతో ఆకుని టకటకా తట్టి అది తన పిల్లలకి కావలసిన మొక్కేనా కాదా అని రుచి చూస్తుంది! ఇది చెప్పినప్పుడు మా ఏడో క్లాసు పాప ఒకత్తి "అయితే అది కాలితో రుచి చూస్తుందా సార్" అని అడిగింది, అవునమ్మా అన్నాను, ఆ రోజంతా వాళ్ళకి అదే ముచ్చట.

తర్వాత ఈనెలు. రెక్కల మీద పొలుసులు రాలిపోయాక ఈనెలు బాగా కనిపిస్తాయి. రెక్క మొదట్లో ఈనెల మధ్య ఒక పెద్ద గది ఉంటుంది, డానైనేలకి ముందు రెక్కలోనూ వెనక రెక్కలోనూ ఆ గది పూర్తిగా మూసి ఉంటుంది, ఎగ్‌ఫ్లై బంధువుల్లో చాలావాటికి అది తెరిచి ఉంటుంది లేకపోతే ఉందా లేదా అన్నంత సన్నని గీతతో మూసి ఉంటుంది. ఇంకోటి, ముందు రెక్క కింది అంచు వెంబడి వెళ్ళే ఈనె మొదట్లో రెండుగా చీలి ఉంటుంది. బ్రిటిష్ కాలంలో మన దేశపు సీతాకోకచిలుకల మీద రాసినవాళ్ళు కూడా రంగుకి ముందు ఈ ఈనెల గురించే రాసేవారు. ఇవి ఫోటోలో కనపడవు నిజమే, కానీ వర్గీకరణ నిలబడింది వీటి మీదే.

మగవాటి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. డానైనే మగవాటికి పొట్ట చివర రెండు కుంచెల్లాంటి వెంట్రుకల కట్టలు దాగి ఉంటాయి, ఆడదాని ముందు ఎగురుతూ వాటిని బయటికి విప్పి వాసన చల్లుతాయి. దానికి తోడు ఒక్కో ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపు, ఇంగ్లీషులో జీనస్) రెక్క మీద ఒక్కో రకం ఏర్పాటు. ప్లెయిన్ టైగర్ మగదాని నాలుగో నల్ల చుక్క అన్నానే, అది ఉత్త చుక్క కాదు, చిన్న సంచి. మగది కుంచెల్ని ఆ సంచికి తాకిస్తుంది, ఆ తాకిడి జరిగితేనే దాని వాసన పదార్థం సరిగ్గా తయారవుతుంది. ఆ పదార్థానికి ముడిసరుకు మొక్కలనుంచే రావాలి, అందుకే ఈ మగవి గుంపులు గుంపులుగా జనుము జాతి మొక్కల వాడిపోయిన ఆకుల మీదా కాయల మీదా వాలి పీలుస్తూ కనపడతాయి, పువ్వు లేని ఎండు కొమ్మ మీద ఇన్ని సీతాకోకచిలుకలేంటి అని జనం ఆశ్చర్యపోతుంటారు, కారణం ఇదే.

ఈ మగ లక్షణాలు లేకపోతే మనవాటిలో కొన్నిటిని విడదీయడం చాలా కష్టం. బ్లూ టైగర్, గ్లాసీ టైగర్ రెండూ నలుపు మీద లేత నీలం, తెలుపు గీతలు, రెండూ చేదే, రెండూ డానైనేలే, అయినా ప్రజాతులు వేరు. చేదుగా ఉన్నవే ఒకదానికొకటి పోలి ఉంటే పక్షికి పాఠం తొందరగా ఎక్కుతుంది, అందరికీ లాభం, ఈ మాట 1870ల చివర్లోనే ఫ్రిట్జ్ ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడు. మరి వీటిని విడదీసేదేంటి అంటే బ్లూ టైగర్ మగదానికి వెనక రెక్క మీద స్పష్టంగా ఉబ్బిన సంచి ఉంటుంది, గ్లాసీ టైగర్‌కి సంచి లేదు, వెనక రెక్క కింది మూల దగ్గర నల్లటి మచ్చ మాత్రమే. 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషాయన వీటిని విడదీసి బ్లూ టైగర్ ప్రజాతికి తిరుమల అని, గ్లాసీ టైగర్ ప్రజాతికి పరాంటికా అని పేర్లు పెట్టాడు, అవి ఈ రోజుకీ నిలబడ్డాయి. కానీ అదే మూర్ కాకుల గుంపు దగ్గరికొచ్చేసరికి మగ రెక్క మీది మచ్చల తేడాలు పట్టుకుని బోలెడన్ని ప్రజాతులు చేసేశాడు, తర్వాతివాళ్ళు వాటన్నిటినీ మళ్ళీ యూప్లోయియా అనే ఒక్క ప్రజాతిలో కలిపేశారు. నా ఉద్దేశంలో పిల్లలకి చెప్పాల్సిన అసలు విషయం ఇది, రంగొక్కటే పట్టుకోవడం ఎంత తప్పో ఇంకే లక్షణమైనా ఒక్కదాన్నే పట్టుకోవడం కూడా అంతే తప్పు. మీసం, కాలు, ఈనె, మగ మచ్చ, పురుగు, ప్యూపా అన్నీ ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మాలి.

పురుగుల సంగతి కూడా చెప్పాలి, ఇది పిల్లలు ఏ పరికరం లేకుండా చూడగలరు. డానైనే పురుగుకి ముళ్ళుండవు, ఒళ్ళు నున్నగా ఉండి వీపు మీద మెత్తటి నల్లని తీగల జతలుంటాయి. జిల్లేడు ఆకు తిప్పి చూస్తే తెలుపు, నలుపు, పసుపు అడ్డచారలతో ప్లెయిన్ టైగర్ పురుగు దొరుకుతుంది, దానికి మూడు జతల తీగలు. బ్లూ టైగర్ పురుగుకి రెండే జతలు. గన్నేరు మీద కామన్ క్రో పురుగుకి నాలుగు జతలు. ఎగ్‌ఫ్లై పురుగుకి తీగలు కాదు, ఒళ్ళంతా కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్ళుంటాయి. రెక్కలొచ్చాక తల్లిదండ్రుల్నే మోసం చేసేంత పోలిక, పురుగుగా ఉన్నప్పుడు ఇసుమంతైనా పోలిక లేదు. ఇక కామన్ క్రో ప్యూపా చూడనివాళ్ళు తప్పకుండా చూడాలి, గన్నేరు ఆకు కింద అద్దంలా మెరిసిపోతూ వేలాడుతుంది, మన మొహం కూడా వంకరగా కనపడుతుంది అందులో.

ఇదంతా కొత్త సంగతి కాదు. హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త అమెజాన్ అడవుల్లో 11 ఏళ్ళు తిరిగి 1862లో ఈ అనుకరణ గురించి రాసినప్పుడు, అప్పటిదాకా పోలికని బట్టి అందరూ ఒకే కుటుంబం అనుకున్న హెలికోనిడ్లలో రెండు వేరే గుంపులున్నాయని, ఒకటి డానాయిడ్ల (అంటే మన మిల్క్‌వీడ్ గుంపు) వైపు చుట్టం, ఇంకోటి అక్రియాలనే వేరే సీతాకోకచిలుకల వైపు చుట్టం అని శరీర నిర్మాణం చూసి విడదీశాడు. వాటి మధ్యలో వాటిలాగే ఉండి తిరుగుతున్నవి కొన్ని అసలు పియరిడే కుటుంబానివని, అంటే మన తెల్ల, పసుపు సీతాకోకచిలుకల కుటుంబానివని కూడా ఆయన చెప్పాడు. ఆయన దగ్గర డీఎన్ఏ లేదు, ఉన్నది శ్రద్ధగా చూసే కళ్ళు.

తెల్ల పట్టీ ఒక్కదాన్నే చూస్తే ఎంత తికమక వస్తుందో, జీవులకి శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ విషయంలోనే తెలుస్తుంది. 1758లో ఆయన ప్లెక్సిపస్ అని ఒక సీతాకోకచిలుకకి పేరు పెట్టాడు, ఊరు ఉత్తర అమెరికా అని రాశాడు, కానీ వర్ణనలో ముందు రెక్క మీద తెల్ల పట్టీ అన్నాడు, ఆ పట్టీ స్పష్టంగా ఉండేది మన స్ట్రైప్డ్ టైగర్‌కి, అమెరికా మోనార్క్‌కి కాదు. దాంతో చాలా ఏళ్ళు కొందరు ఆ పేరు మన టైగర్‌దని, కొందరు మోనార్క్‌దని వాడారు, మన దేశం మీద వచ్చిన పాత పుస్తకాల్లో స్ట్రైప్డ్ టైగర్ ఆ పేరుతోనే ఉంటుంది. చివరికి 1954లో జంతు నామకరణ అంతర్జాతీయ కమిషన్ ఆ పేరు మోనార్క్‌కే అని తేల్చింది, మనది జెనూషియా అయింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఇప్పటికీ మన తెలుగు పత్రికల్లో, టెక్స్ట్‌బుక్ గైడ్లలో సీతాకోకచిలుక జీవిత చక్రం అంటే నెట్‌లో దొరికిన అమెరికా మోనార్క్ బొమ్మే వేస్తారు. జిల్లేడు మీద మన ప్లెయిన్ టైగర్ గుడ్డు, పురుగు, ప్యూపా, రెక్కల పురుగు నాలుగూ వీధి చివరే దొరుకుతుంటే పదివేల మైళ్ళ అవతలి బొమ్మ ఎందుకండీ?

రంగు మాటకి ఇంకొక్కటి. ప్లెయిన్ టైగర్‌లోనే ఆఫ్రికాలో రకరకాల రూపాలున్నాయి, ఒక రూపానికి వెనక రెక్కలు తెల్లగా ఉంటాయి, ఇంకో రూపానికి ముందు రెక్క కొసన నలుపూ తెలుపూ అసలు ఉండవు, అంతా నారింజే. ఒకప్పుడు వీటికి వేరే జాతులుగా పేర్లు పెట్టారు కూడా. ఆశ్చర్యం ఏంటంటే నలుపు లేని ఆ రూపాన్ని అనుకరించే ఎగ్‌ఫ్లై ఆడ రూపం కూడా ఉంది, దానికీ కొసన నలుపు ఉండదు. మోడల్ ఎటు మారితే అనుకరించేది అటే వెళ్ళింది.

ఇక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో డానాయిడ్ ఎగ్‌ఫ్లైని మొదటి షెడ్యూల్‌లో పెట్టారు, 2022లో చట్టాన్ని సవరించేదాకా పులి ఉన్న షెడ్యూల్లోనే అదీ ఉండేది. ప్లెయిన్ టైగర్‌కి అలాంటి స్థానం లేదు. ఇప్పటికీ కొన్ని చోట్ల సైన్స్ ప్రాజెక్ట్ అని పిల్లల చేత సీతాకోకచిలుకల్ని పట్టించి గుండుసూదితో అట్టకి గుచ్చిస్తున్నారు, ఏది ఏదో తెలియకుండా. అది మానేయమని గట్టిగా ఒక వార్త రాయండి, ఫోటో చాలు, చంపక్కర్లేదు.

మా ఏజెన్సీ వైపు, తూర్పు కనుమల్లో బ్లూ టైగర్లు, డార్క్ బ్లూ టైగర్లు, క్రోలు కలిసి గుంపులుగా వెళ్ళడం చాలామంది చూసే ఉంటారు. దక్షిణ భారతంలో ఋతుపవనాల ముందు ఇవి పడమటి కనుమల వైపు నుంచి తూర్పుకి వచ్చి, వానలు తగ్గాక తిరిగి వెళ్తాయని పరిశీలించినవాళ్ళు రాశారు. ఆ గుంపులో ఏ జాతి ఎంత ఉందో లెక్క తేలాలంటే ఊళ్ళల్లో ఉన్న మామూలు జనం సరిగ్గా గుర్తుపట్టగలగాలి, డార్క్ బ్లూకి గీతలు సన్నగా, నలుపు ఎక్కువగా ఉంటుంది, బ్లూకి గీతలు వెడల్పు, ఈ మాత్రం పత్రిక చెప్తే ఎంత మేలో.

నా విన్నపాలు ఇవీ. సీతాకోకచిలుక ఫోటో వేస్తే రెక్కల పైభాగం, కిందిభాగం రెండూ వేయండి, పక్కనుంచి కాళ్ళు కనపడేది ఉంటే ఇంకా మంచిది. ఏ ఊళ్ళో, ఏ నెలలో తీశారో, ఏ మొక్క మీద వాలిందో రాయండి. పేరు ఖాయం కాకపోతే "గుర్తించాల్సి ఉంది" అని వేయండి, చదివేవాళ్ళల్లో తెలిసినవాళ్ళు తప్పకుండా రాస్తారు. మొన్నటి ఫోటోకి సవరణ వచ్చే ఆదివారమే వేస్తే మా పిల్లలు రికార్డుల్లో పేరు మార్చుకుంటారు, దసరా సెలవుల ముందే రికార్డులు దిద్దాలి కాబట్టి కాస్త తొందరగా వేయమని మనవి.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచర్,
నర్సీపట్నం